ఒంటి మీదే నది అయ్యే కోటు: వేదిక మీద మారే దుస్తుల గురించి సాయం కావాలి

నీటిచాయ:
అందరికీ నమస్కారం. 35 నిమిషాల ఏకపాత్ర నాటకం ఒకటి తయారు చేస్తున్నాను. రాయడం, ఆడడం, దుస్తులు కుట్టుకోవడం మూడూ నావే.

కథ టూకీగా చెప్తాను. వరదలో ఊరు మునిగిపోయిన ఒకావిడ చాలా ఏళ్ల తర్వాత ఆ నీటి ఒడ్డుకు వచ్చి నిలబడుతుంది. ఒంటి మీద మోకాళ్లు దాటే బూడిదరంగు కోటు. నాటకం సగం దాటాక ఆ కోటే నది అవ్వాలి. పక్కకు వెళ్లి వేషం మార్చుకుని రావడం నాకు వద్దు. దీపాలు ఆర్పి మార్చడమూ వద్దు. జనం చూస్తుండగా నీళ్లు ఆమె ఒంట్లోంచే రావాలి.

ఇప్పటిదాకా చేసింది ఇదీ. కోటు లోపల నీలం పాలియెస్టర్ అస్తరు వేశాను. వీపు దగ్గర సంచి కుట్టి అందులో 6 మీటర్ల నీలం బట్ట కుక్కాను. భుజాల మీద వెల్క్రో, వీపు మీద 4 టిచ్ బటన్లు. మొత్తం 8 సెకన్లలో అయిపోవాలని లెక్క. నిన్న 5 సార్లు చేస్తే 3 సార్లు కుడి భుజం దగ్గర ఇరుక్కుంది. ఇంకో బాధ వెల్క్రో చప్పుడు. ఆ క్షణంలో వేదిక మీద పూర్తి నిశ్శబ్దం ఉంటుంది. అందులో ఆ చర్రుమనే శబ్దం వింటే ఏడుపొచ్చింది. చేతులు వెనక్కి పెట్టి బటన్లు తడుముకుంటుంటే ఆవిడ కనిపించడం లేదు, కోటు విప్పుకుంటున్న నటి కనిపిస్తోంది.

ప్రదర్శనకు ఇంకా 7 వారాలుంది. మొత్తం మళ్లీ కుట్టమన్నా కుడతాను.

కచ్చాకుట్టు:
తెరవెనక దుస్తుల పనిలో 20 ఏళ్లకు పైగా ఉన్నాను. ముందు ఆ వెల్క్రో తీసేయండి. పాట గట్టిగా సాగుతున్నప్పుడు అది పనికొస్తుంది, నిశ్శబ్దంలో పనికిరాదు. పాతబడేకొద్దీ దాని ముళ్లలో పీచు చేరి పట్టు తగ్గిపోతుంది. సన్నబట్ట తగిలితే పోగులు లాగేస్తుంది. మీ కుడి భుజం ఇరుక్కోవడానికి కూడా అదే కారణం అయ్యుండొచ్చు. లోపలి నీలం బట్ట ఆ ముళ్లకు తగులుకుంటోందేమో ఒకసారి తిరగేసి చూడండి.

టిచ్ బటన్లు 4 ఉంటే చేతులకు 4 పనులు. వేదిక మీద ఒక్క పనితో అన్నీ ఊడాలి. దానికి నాకు తెలిసిన దారులు రెండు.

బస్తా మూతి కుట్టిన దారం చూసే ఉంటారు. సరైన కొస పట్టుకుని లాగితే కుట్టంతా జారిపోతుంది. అది ఒంటిదారపు గొలుసు కుట్టు. భుజం అతుకును అలా కుట్టి, కొస చేతికి అందేలా పెట్టుకోవచ్చు. కుట్టు ముగిసిన వైపు నుంచే అది ఊడుతుంది, మొదలుపెట్టిన వైపు ఎంత లాగినా బిగుసుకుంటుంది. అది మరిచిపోతే వేదిక మీద ప్రాణం మీదకొస్తుంది. ఒక చిక్కేంటంటే ప్రతి ప్రదర్శనకూ మళ్లీ కుట్టాలి.

రెండోది ఉచ్చులూ తాడూ. ఒక అంచుకు చిన్న చిన్న గుడ్డ ఉచ్చులు, రెండో అంచుకు ఐలెట్ కన్నాలు, అంటే చుట్టూ రింగు బిగించిన చిన్న రంధ్రాలు. ఉచ్చును కన్నంలోంచి బయటకు తీసి, దాంట్లోంచి నున్నటి సన్నతాడు దూర్చుకుంటూ పోవాలి. తాడు ఉన్నంతసేపు అంచులు విడిపోవు. తాడు లాగితే ఒక్కో ఉచ్చూ వదిలేసి మొత్తం తెరుచుకుంటుంది. చప్పుడు దాదాపు ఉండదు. మళ్లీ కుట్టక్కర్లేదు, తాడు దూర్చుకుంటే చాలు. మీకు నేను ఇదే చెబుతాను.

చిన్నమోటారు:
నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను, కాలేజీ నాటకాలకు సాంకేతిక పనులు చేస్తుంటాను. భుజాలకు నియోడిమియం అయస్కాంతాలు పెట్టొచ్చు కదా, చిన్నవైనా చాలా బలంగా పట్టుకుంటాయి. లేదంటే చిన్న సర్వో మోటారు (చెప్పినంత మేరకే తిరిగి ఆగే మోటారు), బ్యాటరీ, రిమోట్. పక్కన నిలబడ్డ మనిషి బటన్ నొక్కితే తాళం వదిలేస్తుంది. మీ చేతులు ఖాళీగా ఉంటాయి.

ఫ్యాషన్ డిజైనర్ హుస్సేన్ చలాయన్ 2007 వసంతకాలపు దుస్తుల ప్రదర్శనలో ఇలాంటివే చేశాడు. లోపల దాచిన మోటార్లు, తీగలు పనిచేస్తుంటే గౌను అంచు దానంతటదే పైకి లేస్తుంది, ముందుభాగం విచ్చుకుంటుంది, ఒక కాలపు గౌను ఇంకో కాలపు గౌనుగా మారిపోతుంది. మొదటిసారి వీడియో చూసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కచ్చాకుట్టు:
అయస్కాంతాలతో నేను రెండుసార్లు పనిచేశాను. ఎదురుగా లాగితే గట్టిగా పట్టుకుంటాయి, పక్కకు జార్చితే తేలిగ్గా వదిలేస్తాయి. భుజం మీద బరువు పక్కకే జారుస్తుంది కాబట్టి, బరువైన కోటు చెయ్యి ఎత్తగానే ఊడిపోవచ్చు. ఇక మడతపెట్టిన సన్నబట్టలో అయితే ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కుంటాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ల దగ్గర అసలే వద్దు. కాలర్ మూయడానికి ఒక జత చాలు, అంతకు మించి వద్దంటాను.

పాదముద్ర:
చిన్నమోటారు గారూ, మీరు చెప్పిన ఆ గౌన్ల వీడియో నేనూ చూశాను, చాలా గొప్ప పని. కానీ అక్కడ ఒకటి గమనించండి. గౌను కదులుతుంటే అమ్మాయి దాదాపు బొమ్మలా నిలబడి ఉంటుంది. అక్కడ నటిస్తున్నది గౌను. ఆ ప్రదర్శనకు అదే కావాలి. నీటిచాయ గారి నాటకంలో రిమోట్ పక్కన ఉన్న మనిషి చేతిలో ఉంటే, నది ఎప్పుడు రావాలో ఆ పాత్రకు తెలియదు. ఆవిడ కూడా ప్రేక్షకుల్లాగే ఎదురుచూస్తుంది. ఆ ఒక్క కారణంతో నాకు మోటారు వద్దనిపిస్తోంది.

పాతపుటలు:
మీరు అడుగుతున్నది కొత్త సమస్య కాదు. జపాన్ సంప్రదాయ నాటకం కబుకీలో దీనికి శతాబ్దాల అనుభవం ఉంది. వాళ్ల దగ్గర రెండు పద్ధతుల్ని విడివిడిగా చూడాలి.

ఒకటి హికినుకి. పై కిమోనోను కింది కిమోనో మీద వదులు దారాలతో కచ్చాగా కుట్టి ఉంచుతారు. నాట్యం సాగుతుండగానే వెనక ఉన్న సహాయకుడు, కోకెన్ అంటారు, ఆ దారాలు ఒక్కొక్కటే తీసేస్తాడు. సరైన తాళం దగ్గర పై బట్ట లాగేస్తే రెప్పపాటులో కొత్త రంగు. 1753లో మొదటిసారి ఆడిన ‘క్యోగనోకో ముసుమే దోజోజి’ నాట్యంలో ఈ మార్పు చూడొచ్చు.

రెండోది బుక్కయేరి, మీకు కావలసింది ఇదే. ఇందులో బట్ట ఒంటి మీద నుంచి పోదు. భుజాల దగ్గర దారాలు తీయగానే పైభాగం ముందుకూ వెనక్కూ నడుము దాకా తిరగబడి కిందికి జారుతుంది. అంటే ఇప్పటిదాకా లోపల దాగిన అస్తరు ఇప్పుడు నడుము నుంచి కింది భాగాన్ని కప్పేస్తుంది. పైన లోపలి దుస్తు కనిపిస్తుంది. పాత్ర అసలు స్వరూపం బయటపడే చోట దీన్ని వాడతారు. ‘నారుకామి’ నాటకంలో మోసపోయిన ముని కోపంతో మారిపోయినప్పుడు ఇలాగే మంటల బొమ్మలున్న దుస్తు బయటికొస్తుంది.

మీ కోటు పైభాగాన్ని ఇలా నడుము దగ్గర అతికి, భుజాల దగ్గర మాత్రం తాడుతో పట్టి ఉంచితే, విడిచిన క్షణంలో బూడిదరంగు లోపలికి వెళ్లి నీలం బయటికి వస్తుంది. విప్పేది ఏమీ ఉండదు. ఉన్నదే తిరగబడుతుంది.

నీటిచాయ:
పాతపుటలు గారూ, ఇది చదివి లేచి గదిలో 2 సార్లు తిరిగాను. "ఉన్నదే తిరగబడుతుంది" అన్నారే, అది నా నాటకంలో ఆవిడ సంగతి కూడా. ధన్యవాదాలు.

కచ్చాకుట్టు గారూ, మీరు చెప్పినట్టే ఉంది. వెల్క్రో ముళ్లలో నీలం పోగులు దొరికాయి.

ఇప్పుడు నా ప్రశ్న. నాకు కోకెన్ లేరు. వేదిక మీద నేనొక్కదాన్నే. తాడు ఎవరు లాగుతారు, ఎక్కడి నుంచి?

తెరచాటు:
స్టేజి మేనేజర్‌గా చెబుతున్నాను. తాడు సంగతి తేలేలోపు ఒక పని మొదలుపెట్టండి. అసలు కోటు సిద్ధం కాకపోయినా అదే బరువు, అదే పొడవు ఉన్న పాతబట్ట నడుముకు కట్టుకుని రేపటి నుంచే రిహార్సల్ చేయండి. దుస్తు చివరి వారంలో చేతికొచ్చిన నాటకాల్లో నటులు దాన్ని మోస్తారు, దానితో ఆడరు. ఇది చాలాసార్లు చూశాను.

6 మీటర్ల బట్ట నేల మీదకు వస్తే ఆ తర్వాత మీరు వెనక్కి అడుగు వేయకూడదు. వెనక్కి వెళ్లాలంటే పక్కకు తిరిగి, బట్టను కాలితో కాదు తుంటితో తిప్పుకుని వెళ్లాలి. ఇది ఒంటికి అలవాటు కావడానికే 3 వారాలు పడుతుంది. ఆ సన్నివేశంలో నిప్పు, కొవ్వొత్తి లాంటివి ఉంటే తీసేయండి. సన్నబట్ట అంటుకుంటే ఆర్పే టైము ఉండదు.

చిన్నమోటారు:
పాదముద్ర గారు చెప్పింది అర్థమైంది. మోటారు వెనక్కి తీసుకుంటున్నాను. తాడు ఎక్కడి నుంచి లాగాలనే దాని మీద ఆలోచిస్తాను.

వెలుతురు:
లైటింగ్ వైపు నుంచి రెండు మాటలు.

అమెరికా నర్తకి లోయీ ఫుల్లర్ 1892లో పారిస్‌లోని ఫొలీ బెర్జేర్ వేదిక మీద ఆడిన నాట్యం దుస్తుల వాళ్లందరికీ తెలియాలి. మీటర్ల కొద్దీ సన్నటి పట్టు, చేతులతో పట్టుకునే పొడవాటి కర్రలు ఆ బట్టలోకే కుట్టి ఉంటాయి. ఆ దుస్తుకు ఆమె 1894లో అమెరికాలో పేటెంట్ కూడా తీసుకుంది. బట్టను గాలిలో తిప్పుతుంటే పువ్వు, మంట, అల ఒకదాంట్లోంచి ఒకటి వచ్చేవి. రంగులు చాలావరకు దీపాల నుంచి వచ్చేవి. లేతరంగు పట్టు కాబట్టి పడిన రంగునల్లా తన మీద చూపించేది.

మీ నీలం బట్ట ముదురుదైతే దీపం రంగులు దాని మీద సరిగా పట్టవు. నదిలో వెలుగు ఉండదు, మడతలు కనబడవు. లేత బూడిద నీలం తీసుకోండి. అప్పుడు నీటి రంగు నేనిస్తాను, మీరు కదలిక ఇవ్వండి. దీపం ఎదురుగా పెడితే బట్ట చదునైపోతుంది. నేలకు దగ్గరగా, ఒకే పక్క నుంచి రావాలి. అప్పుడు ప్రతి మడతకూ ఒక వెలుగు అంచు, ఒక చీకటి అంచు వస్తాయి, నీళ్లలాగే.

మరొకటి. అస్తరు కాలర్ దగ్గర తొంగిచూసి రహస్యం ముందే బయటపడుతుందని భయం ఉంటుంది కదా. మొదటి సగం నాటకాన్ని అంబర్ దీపంలో, అంటే తేనెరంగు వెలుగులో నడపండి. అంబర్‌లో నీలం కాంతి చాలా తక్కువ, కాబట్టి ఆ లేత నీలం బట్ట బూడిదగానే కనిపిస్తుంది. కోటు తిరగబడే క్షణంలో చల్లటి కాంతి పక్క నుంచి మెల్లగా పెంచితే చాలు.

కచ్చాకుట్టు:
వెలుతురు గారి మాట మీద బట్ట గురించి కూడా చెప్పేస్తాను. పాలియెస్టర్ మానేయండి. పొడిగాలిలో దానికి స్టాటిక్ పుట్టి ఒంటికి, దానికదే కూడా అతుక్కుంటుంది. సంచిలోంచి జారాల్సిన చోట ముద్దగా వస్తుంది. హబొటాయ్ అనే సన్నటి, నున్నటి జపాన్ పట్టు, 8 మొమ్మె రకం తీసుకోండి. ఒక మొమ్మె అంటే చదరపు మీటరుకు దాదాపు 4.3 గ్రాములు. ఆ లెక్కన 8 మొమ్మె బట్ట చదరపు మీటరుకు 35 గ్రాములే. 6 చదరపు మీటర్లు వాడినా 210 గ్రాములు. అదే కోటుకు వాడే, చదరపు మీటరుకు 250 గ్రాములుండే మందపాటి డ్రిల్ గుడ్డతో చేస్తే కిలోన్నర. మీ వీపు మీద 25 నిమిషాలు ఏది మోస్తారో ఆలోచించండి.

మొదట్లో బట్ట "కుక్కాను" అన్నారు. అది మార్చాలి. అటూ ఇటూ మడతలు వేస్తూ పేర్చాలి, విసనకర్రలా. ముందు బయటికి రావాల్సింది చివర్లో లోపలికి వెళ్లాలి. సంచి లోపలి వైపు నున్నగా, మూతి అడుగుకన్నా వెడల్పుగా ఉండాలి. చుట్టచుట్టి పెడితే మెలిక పడుతుంది.

పాదముద్ర:
అందరూ కోటు గురించి చాలా చెప్పారు. నేను వేరే ప్రశ్న అడుగుతాను నీటిచాయ గారూ. నది రావడానికి ముందు నిమిషంలో ఆవిడ చేతులు ఏం చేస్తున్నాయి?

ఎందుకంటే, దుస్తు మారే చోట నటుడి చేతులు అబద్ధం చెబితే ప్రేక్షకుడికి వెంటనే తెలిసిపోతుంది. చైనాలోని సిచువాన్ ఒపెరాలో ముఖాలు మార్చే విద్య చూడండి. పలచటి పట్టు ముసుగులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, దారాలతో లాగేస్తారు. కానీ లాగే చెయ్యి ఎప్పుడూ నాట్యంలోని విసురుగానే ఉంటుంది. మనం చూసేది విసురు, దారం కాదు.

అమెరికా నర్తకి మార్తా గ్రాహమ్ 1930లో చేసిన ‘లామెంటేషన్’లో సాగే బట్టతో కుట్టిన గొట్టంలాంటి దుస్తులో కూర్చుని ఆడింది. ముఖం, చేతులు, పాదాలు మాత్రమే బయట. అందులో విప్పేదేమీ లేదు, బట్ట ఊడదు కూడా. ఒళ్లు లోపల నుంచి నెట్టిన ప్రతిసారీ బట్ట బిగుసుకుని కొత్త ఆకారం అవుతుంది. దుఃఖం ఆ లాగుడులోనే ఉంది. దుస్తు మారడం అంటే నాకు అది మొదటి పాఠం. మార్పు బట్టలో దాగి ఉండదు, ఒంటి పనిలోంచి వస్తుంది. అందుకే అడుగుతున్నాను, ఆ నిమిషంలో ఆవిడకు ఏం పని?

నీటిచాయ:
ఇప్పుడున్న స్క్రిప్టులో ఆమె నిలబడి నీళ్లను చూస్తూ మాట్లాడుతుంది. చేతులకు పనేమీ లేదు. నిజం చెప్పాలంటే చేతులు ఖాళీగా ఉంచింది కోటు విప్పడానికే.

పాదముద్ర:
ఆ కోటు జేబులో ఏముంది?

నీటిచాయ:
ఏమీ లేదు. ఆగండి. ఉంది. మొదటి పేజీలో ఉంది. ఇంటి తాళంచెవి. మునిగిపోయిన ఇంటిది. "తలుపు నీళ్లలో ఉంది, తాళంచెవి నా దగ్గరుంది" అని ఒక మాట అంటుంది. ఆ తర్వాత నేను దాన్ని మళ్లీ వాడలేదు.

కచ్చాకుట్టు:
ఆ తాళంచెవికి తాడు కట్టండి.

చిన్నమోటారు:
అవును! తాళంచెవి వెతుకుతుంది, దొరుకుతుంది, బయటికి లాగుతుంది. ఆ లాగడమే ఉచ్చుల్లోంచి తాడు తీసేస్తుంది. వేరే సైగ అక్కర్లేదు.

తెరచాటు:
ఇది పనిచేస్తుంది. ఇల్లు తెరవడానికి తాళంచెవి తీస్తే నది తెరుచుకుంటుంది. వేరే వివరణ కూడా అక్కర్లేదు.

నీటిచాయ:
మీరందరూ ఎక్కడున్నారో తెలియదు కానీ ఇక్కడ నేను కూర్చుని ఏడుస్తున్నాను. రెండు నెలలుగా ఆ తాళంచెవి నా స్క్రిప్టులో ఊరికే పడి ఉంది. ఈ రాత్రికి సన్నివేశం తిరగరాస్తాను.

నీటిచాయ (9 రోజుల తర్వాత):
పాత గుడ్డతో నమూనా కోటు కుట్టాను. కుడి జేబు నుంచి తాడు లోపలే పైకి వెళ్లి, కుడి భుజం, మెడ వెనక, ఎడమ భుజం మీదుగా ఉచ్చులన్నిటిలోంచి పోతుంది. కొత్త సమస్యలు రెండు.

లాగడానికి చాలా బలం కావాలి. మొదటి భుజం ఊడాక తాడు పట్టేస్తోంది. నా ముఖంలో ఆ కష్టం కనిపిస్తోంది. రెండోది తాడు పొడవు. మొత్తం బయటికి రావాలంటే మీటరున్నర లాగాలి. నా చెయ్యి ఒక్క ఊపులో 70 సెంటీమీటర్లే వస్తుంది.

చిన్నమోటారు:
మీ మొదటి సమస్యకు కారణం వంపులు. తాడు ఒక వంపు చుట్టూ తిరిగినప్పుడు రాపిడి వల్ల లాగాల్సిన బలం కొంత రెట్టు పెరుగుతుంది. తర్వాతి వంపు దగ్గర ఆ పెరిగిన దాని మీద మళ్లీ రెట్టు. అవి కూడుకోవు, హెచ్చవేసుకుంటూ పోతాయి. మీ తాడు జేబు దగ్గర ఒకసారి, కుడి భుజం మీద ఒకసారి, మెడ వెనక ఒకసారి, ఎడమ భుజం మీద ఇంకోసారి తిరుగుతోంది. ఓడల తాళ్లను స్తంభానికి 3 చుట్లు చుట్టి ఒక్క మనిషి ఆపగలిగేది ఈ లెక్కతోనే. మీరు దానికి ఎదురు లాగుతున్నారు.

ఒక తాడు కాదు, రెండు వేయండి. ఒకటి కుడి భుజానికి, ఒకటి ఎడమ భుజానికి, రెండు కొసలూ ఒకే తాళంచెవికి. ఎడమ తాడు మెడ వెనక నుంచి రాకూడదు. ఛాతీ లోపలి వైపు నుంచి ఏటవాలుగా జేబుకు దించండి. వంపులు ఒకటి రెండుకు తగ్గుతాయి, పొడవు కూడా సగానికి తగ్గుతుంది. తాడుగా చేపలు పట్టే మందపాటి నైలాన్ దారం వాడి చూడండి, నున్నగా జారుతుంది.

నా హాస్టల్ గదిలో పాత చొక్కా మీద చేసి, సామాను తూచే కొక్కెం త్రాసు తగిలించి లాగి చూశాను. ఒకే తాడుకు 4 కిలోలు చూపించింది. రెండు తాళ్లకు కలిపి కిలోకు కాస్త ఎక్కువ. మీ కోటుకు అంకెలు వేరుగా ఉంటాయి, తేడా మాత్రం ఇలాగే ఉంటుందనుకుంటున్నాను.

కచ్చాకుట్టు:
బాగా చెప్పావు నాయనా. దీనికి ఒకటి కలుపుతాను. ఉచ్చులు భుజానికి 5 కన్నా ఎక్కువ వద్దు. నైలాన్ దారం కొసను నిప్పుతో కరిగించి గుండ్రంగా చేయకండి, ఆ గుండు ఉచ్చులో ఇరుక్కుంటుంది. ఏటవాలుగా కోసి వదిలేయండి. ఉచ్చులకు కాటన్ గుడ్డ వద్దు, చెమట తడికి ఉబ్బి బిగుసుకుంటుంది. శాటిన్ రిబ్బన్ కుట్టండి.

పాతపుటలు:
వేగం గురించి ఒక సందేహం. మొదట 8 సెకన్లు అన్నారు. కబుకీలో ఈ మార్పు రెప్పపాటులో జరుగుతుంది, జనం ఆశ్చర్యపోవాలి, మెచ్చుకోలు గట్టిగా వినిపించాలి. ఆ వేదికకు అది అందం. మీ నాటకంలో చప్పట్లు పడితే ఆ నిశ్శబ్దం పోతుంది కదా. మీకు ఆశ్చర్యం కావాలా, ఇంకేదైనా కావాలా?

పాదముద్ర:
నా మాట మెల్లగా చేయమని. వేగంగా మారితే "ఎలా చేసింది" అని ఆలోచిస్తాం. మెల్లగా మారితే ఆవిడతో పాటు మునుగుతాం.

తెరచాటు:
పూర్తిగా మెల్లగా అంటే నేను ఒప్పుకోను. భుజాలు మెల్లగా ఊడితే అది విప్పుకోవడంలాగే కనిపిస్తుంది. మొదటి పోస్టులో నీటిచాయ గారిని బాధపెట్టింది అదే. వరద మెల్లగా రాదు. గట్టు ఒక్కసారిగా తెగుతుంది, నీళ్లు ఊరంతా పాకడానికి టైము పడుతుంది. మార్పును రెండు ముక్కలు చేయండి. భుజాలు ఒక్క సెకనులో. వీపు సంచిలోని నది మాత్రం మీ నడకతో, మీ తిరుగుడుతో, నిమిషం పట్టినా సరే.

పాదముద్ర:
ఒప్పుకుంటున్నాను. నాకు ఇది తట్టలేదు.

తెరచాటు:
ఇంకొకటి, ఇది తప్పించుకోకండి. ఒక భుజం ఊడి రెండోది ఊడకపోతే ఏం చేస్తారు? "ఊడుతుందిలే" అనుకోవద్దు. ఆ సగం స్థితిలో నిలబడి అద్దంలో చూసుకోండి. ఆ ఆకారానికి సరిపోయే రెండు వాక్యాలు రాసుకోండి. దానికి ప్రత్యేకంగా రిహార్సల్ చేయండి. వేదిక మీద టెన్షన్ వచ్చేది దారి తెలియనప్పుడే.

వెలుతురు:
ఆ రెండు ముక్కల పద్ధతి నాకు కూడా బాగుంది. అంబర్‌ను ఒక్క సెకనులో తీయను. మొదట అంబర్‌లోనే కోటు తిరగబడనివ్వండి. అప్పుడు అది ఇంకా బూడిదరంగు గుడ్డలాగే ఉంటుంది. ఏదో జారింది అంతే. తర్వాత మీరు తిరుగుతుండగా చల్లటి కాంతి 40 సెకన్ల మీద పెరుగుతుంది. బట్ట కళ్ల ముందే నీళ్లుగా మారుతుంది. చప్పట్లు కొట్టడానికి ఒక క్షణమంటూ దొరకదు.

నీటిచాయ:
ఇదే. ఇదే కావాలి.

ఇంకో సంగతి చెప్పాలి. జర్మన్ కళాకారుడు ఓస్కర్ ష్లెమ్మర్ ‘ట్రయాడిక్ బాలే’ గురించి ఈ వారం చదివాను, 1922లో స్టుట్‌గార్ట్‌లో ఆడింది. అందులో దుస్తులు గుండ్రటి, శంఖు ఆకారాల్లో నాట్యకారుల్ని మామూలుగా కదలనివ్వవు. ఆ అడ్డులోంచే కొత్త కదలికలు పుట్టాయి. ఇప్పటిదాకా నా కోటు బరువును, తిన్నగా వెనక్కి వెళ్లలేకపోవడాన్ని ఇబ్బందిగా చూశాను. నిన్నటి నుంచి వాటితోనే నడక తయారు చేస్తున్నాను. కోటు ఉన్నంతసేపు ఆవిడ బరువుగా, తిన్నగా నడుస్తుంది. నది వచ్చాక తిన్నగా నడవలేదు, వంపు తిరుగుతూనే ముందుకు వెళ్లగలదు. అది నేను పెట్టిన నృత్యం కాదు, 6 మీటర్ల పట్టు పెట్టింది.

నీటిచాయ (ప్రదర్శన మర్నాడు):
2 ప్రదర్శనలు అయ్యాయి. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

మొదటి రోజు అంతా అనుకున్నట్టే జరిగింది. ఆవిడ జేబులు వెతుకుతుంది. ముందు ఎడమ జేబు, తర్వాత లోపలి జేబు, ఆఖరున కుడి జేబు. తాళంచెవి దొరికి బయటికి లాగగానే రెండు భుజాలూ ఒకేసారి జారాయి. హబొటాయ్ పట్టు పడిన చప్పుడు నాకు మాత్రమే వినిపించింది, ఎవరో గట్టిగా ఊపిరి వదిలినట్టు. చప్పట్లు రాలేదు. వెలుతురు గారూ, కాంతి పూర్తిగా మారేసరికి ముందు వరుసలో ఒక పెద్దావిడ కాళ్లు వెనక్కి లాక్కుని కుర్చీ కిందికి పెట్టుకున్నారు, నీళ్లు తగులుతాయన్నట్టు. నేను చూశాను.

రెండో రోజు ఎడమ భుజం ఊడలేదు. హాల్లో ఉక్కపోత, నా ఒళ్లంతా చెమట. శాటిన్ ఉచ్చు ఒకటి మెలిపడి ఉంది, సర్దేటప్పుడు నేనే చూసుకోలేదు. తెరచాటు గారు రాయమన్న రెండు వాక్యాలు అప్పుడు వాడాను. ఒక పక్క కోటు, ఒక పక్క నది. "ముందు పశువుల కొట్టం వైపు వచ్చాయి. ఇంటి వైపు ఇంకా రాలేదు." అలా అంటూ తాళంచెవిని రెండో చేతిలోకి మార్చుకుని మళ్లీ లాగాను. రెండోసారికి వదిలింది. నాకు ఆ 10 సెకన్లు భయం వేయలేదు. అక్కడికి దారి ముందే తెలుసు కాబట్టి. చూసినవాళ్లలో ఒకరు అది రోజూ అలాగే ఉంటుందనుకున్నారు.

మూడో ప్రదర్శనకు రెండు మార్పులు చేస్తున్నాను. ఎడమ ఉచ్చుల వెనక ఒక సన్నటి గట్టి పట్టీ కుట్టి అవి మెలిపడకుండా చేస్తాను. నది చివరి అంచులో కర్టెన్లకు వేసే సన్నటి బరువు గొలుసు పెడుతున్నాను, తిరిగినప్పుడు కొస పైకి లేచిపోతోంది.

కచ్చాకుట్టు:
గొలుసు అంచంతా వేయకండి. మధ్యలో రెండు మూరలు చాలు. రెండు కొసలూ తేలికగా ఉంటేనే అలలా లేస్తుంది.

చిన్నమోటారు:
నేను వచ్చే నెల ఒక కాలేజీ నాటకానికి ఇదే పద్ధతి వాడబోతున్నాను, చెట్టు బెరడు ఊడే సన్నివేశం. ప్రదర్శనకూ ప్రదర్శనకూ మధ్య కోటు మళ్లీ సర్దడానికి మీకు ఎంతసేపు పడుతుంది? ఒక్కరే చేస్తారా?

నీటిచాయ:
25 నిమిషాలు. మొదట్లో గంట పట్టేది. వరుస ఒక కాగితం మీద రాసి కోటు పెట్టె మూత లోపల అంటించాను. ముందు పట్టును ఇస్త్రీ చేయాలి, తడి ఉంటే పూర్తిగా ఆరాలి. తర్వాత విసనకర్ర మడతలు, కొస చివర్లో. సంచి మూయాలి. ఎడమ ఉచ్చులు, తాడు. కుడి ఉచ్చులు, తాడు. ప్రతి ఉచ్చునూ వేలితో ముట్టుకుని మెలి లేదని చూడాలి. రెండో రోజు నేను వదిలేసింది అదే. ఇప్పుడు సాయానికి ఒక అమ్మాయి వస్తోంది, మడతలు నాకన్నా చక్కగా వేస్తోంది. ఉచ్చులు ఇద్దరం చూస్తాం, ఒకరి తర్వాత ఒకరు.

తాళంచెవికి తాళ్లు కట్టే ముడి మాత్రం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. బెల్లు కొట్టడానికి 5 నిమిషాల ముందు, కోటు ఒంటి మీద ఉండగా, జేబులో చెయ్యి పెట్టి నేనే కట్టుకుంటాను.